మంత్రిగారి ‘ముందు – తర్వాత’

ఇకమీదట ఈ నియోజకవర్గంలో తాగుబోతు అనేవాడు మ్యూజియంలో తప్ప కనబడడని వ్యసన విముక్తి శాఖ మంత్రిగారు ప్రకటించారు. పాఠక మహాశయులు చప్పట్లు కొట్టవచ్చు. ప్రకటించి ఊరుకోకుండా మా వీధిలో ఎనిమిది మంచాల ఇల్లొకటి తెరిచారు కూడా. తాగుడు మానాలనుకునేవాళ్లు అందులోనే ఉండి, వండుకుని తిని, సాయంత్రం చాపమీద కూర్చుని ఒకరి గోడు ఒకరికి చెప్పుకోవాలి. ఇరుగుపొరుగు కనిపెట్టుకుని ఉండాలి. మంచి పనిని మంచిదనడానికి నాకేం మొహమాటం లేదు.

మా బావ నాలుగు నెలలుగా అందులోనే ఉన్నాడు. ఆయనది క్షవరం షాపు. చెయ్యి వణికేవాడికి గొంతు ఎవరప్పగిస్తారు? షాపు మూతబడింది. ఇప్పుడా వణుకు పోయింది. మొన్న నాకే గడ్డం గీశాడు. ఈ కథ రాస్తున్నానంటే బాగానే గీశాడన్నమాట. వచ్చే వారం షాపు తెరుద్దామని మా అక్క అద్దాలు కూడా తుడిచి పెట్టుకుంది.

ఇంతలో ఆ ఎనిమిది మంచాల ఇంటి వార్షికోత్సవం వచ్చింది. ఎడమవైపు ‘ముందు’, కుడివైపు ‘తర్వాత’ ఫోటోలతో ఊరంతా పోస్టర్లు వెయ్యాలన్నారు మంత్రిగారు. అందుకు బావ ఎంపికయ్యాడు. అక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఫోటో రోజున మంత్రిగారు కార్యకర్తలతో సహా స్వయంగా దయచేశారు. ఆయన శాఖ ఆఫీసరుగారు ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకొచ్చి బావని ఎగాదిగా చూశారు.

“ఇది తర్వాత. మరి ముందు ఏది?”

“తాగి పడిపోయినప్పుడు ఎవరు ఫోటో తీయించుకుంటారు సార్?” అన్నాను. ముందుచూపు లేని జనమని ఆయన చాలా బాధపడ్డారు. పైగా ‘ముందు’ తియ్యకుండా ‘తర్వాత’ తియ్యడం రూల్సుకి విరుద్ధమట.

పోనీ నటిస్తానన్నాడు బావ. తలుపు పట్టుకుని ఊగాడు. పార్టీ కార్యకర్తలు, అనుభవజ్ఞులు కదా, కన్ను ఎలా వాలాలో, మాట ఎక్కడ తడబడాలో ఎంతో ఓపిగ్గా నేర్పారు. అయినా మంత్రిగారు పెదవి విరిచారు. జనాన్ని మోసం చెయ్యడం తన రక్తంలో లేదనీ, అసలైన ‘ముందు’ కావాలనీ అన్నారు. ఆఫీసరుగారు కార్లోంచి సీసా తెప్పించారు.

అక్క అడ్డం నిలబడింది. “మీకు దణ్ణం పెడతానయ్యా. ఈయన్ని మనిషిని చేసుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.”

“భయమెందుకమ్మా? మాన్పించడానికేగా ఈ ఇల్లు పెట్టింది.”

సొంత శాఖ మీద ఇంత నమ్మకమున్న అధికారిని నేనెక్కడా చూడలేదు. సహకరించకపోతే మంచం ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని కూడా ఆయన మర్యాదగానే చెప్పారు.

బావ అక్క వైపు చూడలేదు. “ఒక్క గుక్కేగా,” అన్నాడు.

‘ముందు’ అద్భుతంగా వచ్చింది. ‘తర్వాత’ తీద్దామంటే నలుగురు లేపినా బావ లేవలేదు. మంత్రిగారికి అవతల ఇంకో ప్రారంభోత్సవం ఉంది.

మర్నాడు మా సందు మొగలో పోస్టరు వెలిసింది. ఎడమవైపు బావ, గోడకి జారగిలబడి. కుడివైపు నిటారుగా నిలబడి నవ్వుతూ, మంత్రిగారి డ్రైవరు. రెంటి కిందా బావ పేరే.

అక్క దగ్గరికెళ్లి కుడివైపు ఫోటో మీద వేలు పెట్టింది.

“ఈ కుడిపక్కాయన్ని ఇంటికి ఎప్పుడు పంపిస్తారో కనుక్కోరా,” అంది.