తామ్వేలో లమష్టు సంహారం

ఏ మహానగరమున కరెంటు దైవసాక్షాత్కారమువలె అరుదుగా లభించి, భక్తులు ఛార్జరు చేతబట్టి గోడదరికి పరుగెత్తునంతలోనే అంతర్ధానమగునో, ఎచ్చట వర్షర్తువు వీధులను కాలువలుగను, కాలువలను దోమల పురిటిగదులుగను మార్చి కృతార్థమగునో, ఆ యాంగూను నగరమందు, తామ్వేలోని ఒక మేడపై, మధ్యాహ్న భోజనానంతర భుక్తాయాస సమయమున, పాదరక్షా విక్రయ ధురంధరుడగు ఢిల్లేశ్వరరావు తన పసికూన తార ఊయల చెంత వీరాసనమున కూర్చుండెను.

లత పేట బజారులోని అతని చెప్పుల దుకాణమునకు కొనువారు రాకుండుటచే, ఆ మహానుభావుడు ఫోను ముందుంచుకొని సుమేరు బాబిలోను దేశముల ప్రాచీన పిశాచశాస్త్రమును ఆపోశనపట్టెను. కూతురి టీకా ఏనాడో అతనికి తెలియదు గాని, శిశువులను హరించు లమష్టు సప్తనామములను గుక్కతిప్పుకొనక చెప్పగలడు. ఆకాశదేవుని కూతురై, సింహముఖమును గాడిదపళ్లును దాల్చి, ఇతర పిశాచములవలె దేవతల ఆనతికై వేచియుండక సొంత పూనికతో పసినెత్తురు తాగు ఘనురాలామె. ఆమెను తరుముటకు బాబిలోను తల్లులు పజుజు అను మరొక పిశాచము బొమ్మను కట్టుకొనెడివారట. ముల్లును ముల్లుతోనే తీయవలెను గదా!

ఈ పాండిత్యమునకు మూలమొకటి కలదు. కింది వాటాలోని ఇల్లాలు మే తు కొడుకు డెంగీతో ఆసుపత్రి పాలై, ఎట్టకేలకు ఇల్లు చేరెను. వాడు కోలుకొనెను గాని, ఢిల్లేశ్వరరావు కంటికి కునుకు కరవయ్యెను. భయమును భయమని ఒప్పుకొనుట వీరులకు తగదు గనుక, అతడు దానికి బాబిలోను వేషము కట్టెను.

చెప్పుల అట్టపెట్టె కత్తిరించి, కుక్కమోమును రెక్కలును తేలుతోకయు గల పజుజును గీసి, ఊయలపై వేలాడదీసెను. అతని తల్లి ఎర్రమ్మ తేరిపార జూచెను.

“ఏటిరా ఇది ఢిల్లీ? కుక్కా, కోడా? పిల్ల జడుసుకుంతాది, తీసీరా!”

“అమ్మా! దుష్టవాయుగణ సార్వభౌముని కుక్కయందువా? ఇతని రెక్కల సవ్వడి విన్నంతనే లమష్టు పాతాళమునకు పారిపోవును!”

“రెక్కలున్నాయి కదా, కాసింత ఇసరమను. ఫేను ఆగిపోనాది, పిల్లకి ఉక్కపోత్తంది.”

ఉక్కకు తాళలేక తార ఏడ్చుటచే దోమతెర ఎత్తివేయబడియుండెను. అంతట వినవచ్చెను ఆ రణభేరి: గుయ్!

తెల్లచారల కాళ్లతో వచ్చిన ఆ మశకరూపిణి పజుజును ఏ మాత్రము సరకుసేయక, అతని ముక్కుపైననే వాలి అలసట దీర్చుకొనెను. సార్వభౌముడు కిమ్మనలేదు. దోమల బ్యాటుకు ఛార్జింగు లేదు. ఢిల్లేశ్వరరావు సింహనాదమొనర్చి చఱచిన తొలి దెబ్బకు పాలసీసా దొర్లెను, మలి దెబ్బకు పజుజు నేలకూలెను. శత్రువు మాత్రము చెక్కుచెదరక తార నుదుటి చుట్టును ప్రదక్షిణము సేయసాగెను.

అప్పుడా వీరునికి శాస్త్రము స్ఫురించెను: బిడ్డకు బదులు పందిపిల్లను అర్పించినచో లమష్టు శాంతించును!

“జయంతీ! తక్షణమొక పందిపిల్ల!” అని ఎలుగెత్తెను.

ఉల్లిపాయల చేతులతో అతని భార్య జయంతి వంటింటినుండి వచ్చెను. “పందిపిల్లని ఎక్కడో ఎతకడమేటండి? మీరున్నారు కదా!”

ఆ పలుకు అతనికి వేదవాక్కయ్యెను. చొక్కా విప్పి, ఊయలపై గొడుగువలె వంగి, విశాలమగు వీపును విస్తరిగా పరచెను.

“ఓసి సప్తనామధారిణీ! గుక్కెడైన లేని పసినెత్తురేల? ముప్పూటల మేసిన ఈ దేహముండగా! రమ్ము, త్రాగుము!”

లమష్టు యోచించెను. భుజముపై వాలెను. సూది దిగెను. ఢిల్లేశ్వరరావునకు చుఱుక్కుమనెను, కన్నులు చెమర్చెను. కదలినచో అది బిడ్డపైకి పోవునేమోయని ఊపిరి బిగబట్టెను.

“కదలకండి,” అని గుసగుసలాడి, జయంతి పెండ్లినాటినుండి దాచుకొన్న బలమంతయు అరచేతికి తెచ్చి ఫెడీలున చఱచెను. భుజమున నెత్తుటిచుక్క మెఱసెను.

“ఆ నెత్తురు ఎవరిది? పాపదా?” అని అతడు అడిగెను. బాబిలోను పూర్తిగా మరచిపోయెను.

జయంతి బిడ్డ నుదురు, చేతులు, కాళ్లు తడిమి చూచెను. “పాపకేటీ నేదండి. మీదే.”

ఢిల్లేశ్వరరావు నేలపై చతికిలబడి, నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియక రెండును చేసెను. ఎర్రమ్మ కొడుకు భుజముపై దోమకాటుకు సున్నము రాసెను.

వినుడు జనులారా! త్రిలోక భయంకరమగు ఆ సమరమున, మహావీరుని భుజస్థలిపై, ఇల్లాలి చేత, ఒక్క దోమ చచ్చెను. యాంగూనులోని తక్కిన దోమలన్నియు క్షేమము.