కౌసల్యమ్మ చీరలో నీలం గింజలు

ఆ ఉదయం కురుమూర్తి అనుకున్న పని చాలా చిన్నది. భార్య కౌసల్యమ్మ పోయి ఏడాదైంది. ఆమె కట్టుకున్న గద్వాల చీరను పెట్టెలోంచి తీసి ఫోటో ముందు పెట్టాలి. దానికన్నా ముందు, ఎవరూ చూడకుండా, ఒకసారి మొహానికి ఆనించుకోవాలి. కొబ్బరినూనె, తమలపాకు, సాంబ్రాణి పొగ కలిసిన ఆమె వాసన ఆ చీరలో ఇంకా ఉంది. మగ్గం మీద చెయ్యి ఆడని రోజున ఆ పెట్టే ఆయనకు దిక్కు. తడి తగులుతుందని వానాకాలమంతా మాత్రం మూత తియ్యలేదు.

మూత తీశాడు. జరీ నిగనిగలాడుతోంది. చీర పొడిపొడిగా ఉంది. వాసన మాత్రం లేదు.

"నవనీతా! చీర ఉతికినవా?" అని కోడలి మీద లేచాడు.

"అయ్యో మామా, నేను ముట్టనే ముట్టలే!" నవనీతకు అప్పుడే కళ్ళనీళ్ళు తిరిగాయి.

"గట్లయితే గిది మీ అత్త చీరనే కాదు. ఎవలో మార్చిండ్రు."

వానలకు ముందు ఆ చీర మడతలు మార్చి పెట్టింది పక్కింటి బాలమ్మ. మాట గోడ దాటిందో లేదో, నోట్లో జర్దా పాన్‌తోనే ఊడిపడింది. "ఏందన్నా, నేను దొంగనా? ఇటియ్యి!" అని చీర లాక్కుని ముక్కుకు అదుముకుంది. "గిది వదినదే. నాకు తెల్వదా?"

"నీకు జర్దా తప్ప ఇంకో వాసన తెలుస్తదా?"

నేతగాళ్ళ వీధిలో చీర తగాదా లేస్తే తీర్పు చెప్పకుండా ఊరుకునే మనిషి ఉంటాడా? ఎస్టీడీ బూత్ వెంకటన్న బీడీ పారేసి వచ్చి వాసన చూశాడు. ఉల్లిగడ్డలు కోస్తున్న కాంతమ్మ ఆ చేతులతోనే పట్టుకుని చూసింది. సగం మంది అవునన్నారు, సగం మంది కాదన్నారు. ఈలోగా చీర వీధి మొత్తం వాసన తెచ్చుకుంది.

అప్పుడు బస్సు దిగి వచ్చాడు నిరంజన్. కౌసల్యమ్మ తమ్ముడి కొడుకు, వనపర్తి కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. వానలకు జరీ నల్లబడుతుందని మామ భయపడితే నీలం గింజల డబ్బా ఇచ్చింది అతనే. ఈసారి కూడా సంచిలో ఇంకో డబ్బా తెచ్చాడు.

"మామా, గింజలు ఎన్ని ఏసినవ్?"

"డబ్బా మొత్తం."

"పిడికెడు చాలంటి గద!"

పెట్టె అడుగున ఉన్న గుడ్డసంచి విప్పి చూపించాడు. గింజలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. "గిది సిలికా జెల్ మామా. గింజ గింజల కండ్లకు కనబడని సందులుంటయి. గాలిల ఉన్న తడి పోయి ఆ సందుల గోడలకు అంటుకుంటది. సందు మరీ ఇరుకైతే ఆవిరి ఆడనే నీళ్ళయి కూసుంటది. తడే కాదు, వాసన గూడ పట్టుకుంటది. అత్త వాసన ఎవ్వలు తియ్యలే. గింజలే తాగినయి."

"అంటే నా చేతులతోనే పోగొట్టుకుంటినా?" కురుమూర్తి కూలబడి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. దొంగ అనిపించుకున్న బాలమ్మే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఉండు మామా. వేడిచేస్తే పట్టింది మళ్ళ ఇడుస్తయి," అని నిరంజన్ పాత పెనం పొయ్యి మీద పెట్టి గింజలు పోశాడు. సన్నగా ఆవిరి లేచింది. కొబ్బరినూనె, తమలపాకు, సాంబ్రాణి. నవనీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వదినా," అంది బాలమ్మ.

"తలుపులు మూయుండ్రి!" కురుమూర్తి అరిచాడు. వచ్చిన జనమంతా లోపలే ఉండిపోయారు. "కొత్త డబ్బా తెచ్చినవా? తియ్యి, జల్ది! పట్టుకోమను!"

అట్లా పట్టదని చెప్పబోయి, మామ మొహం చూసి నిరంజన్ మూత తీశాడు.

తెల్లవారి కురుమూర్తి ఒక్కడే ఆ కొత్త గింజలను పెనం మీద వేడిచేశాడు. ముందు బాలమ్మ జర్దా వచ్చింది. తర్వాత కాంతమ్మ ఉల్లిగడ్డ, ఆ వెనకే వెంకటన్న బీడీ. ఆయన పొయ్యి దగ్గర నుంచి కదలకుండా చాలాసేపు ఎదురుచూశాడు.

గుంపులో ముందుకు తోసుకొచ్చే అలవాటు కౌసల్యమ్మకు మొదటినుంచీ లేదు.