మొగిలి వీరుని అరచెంచా నెత్తురు

బొగ్గుధూళియే ధూపముగా, పగటివేళ నలుబదియారు డిగ్రీలకెక్కు ఎండయే హారతిగా, ఇరై నదీతీరమున వేగుచున్న చంద్రపుర పట్టణమున, ఒకానొక వైశాఖ బుధవారము ఉదయము తొమ్మిది గంటలకు, క్యాన్సరును తొలిదశలోనే పసిగట్టు రక్తపరీక్షా శిబిరమున జరిగిన ఘోరసంగ్రామమును వినుడు.

అటు, శ్వేతాంబరధారిణి, సూచీఖడ్గపాణి, నర్సు ఉజ్వల. ఇటు, మాజ్రి దాపుల భూగర్భ గనిలో ముప్పది యేండ్లు పాతాళాంధకారమును చీల్చినవాడు, పేలుళ్ల మ్రోతకు ఆవులించినవాడు, గజబాహు మొగిలి. సూదిని చూచినంతనే ఆ గజబాహువు గజగజలాడెను.

ఇది మూడవ దండయాత్ర. మొదటిమారు వీరుడు మూత్రశాల మిషతో అంతర్ధానమయ్యెను. రెండవమారు ఆటో ఎక్కి పలాయనము చిత్తగించెను. అందుకే నేడు ధర్మపత్ని ఆగమ్మ గుమ్మమునకు అడ్డముగా కుర్చీ వేసికొని కోటతలుపువలె కూర్చున్నది. మొగిలి అన్న రాజన్న నిరుడు ప్రోస్టేటు క్యాన్సరని తెలిసిన మూడు నెలలకే పోయెను. ఆమె అది మరువలేదు.

"నొప్పి లేదు, ఏం లేదు. నాకెందుకే గిది?" అని మొగిలి సింహనాదము చేయబోగా పిల్లికూత వెలువడెను.

ఆగమ్మ కదలలేదు. "గనిల దిగంగనే ముందుగాల ఏం జేసేటోనివి?"

"కర్రతోని పైకప్పు కొట్టి సూసేటోన్ని."

"ఎందుకు?"

"గట్టిగ మోగితే భయం లేదు. బోలుగ మోగితే కూలుతది. ముందే దుంగలు నిలవెట్టాలె."

"కూలినంక కొట్టి సూసిండ్రా ఎవలన్న?"

వీరుడు కిటికీ వైపు చూచెను; దానికి ఊచలుండెను.

"రాజన్న బావ గట్లనే కూలినంక సూపిచ్చుకున్నడు" అని ఆగమ్మ మెల్లగా అన్నది.

మొగిలి చొక్కా చేయి మడిచెను.

"కాకా, మూఠ్ ఆవళా" అని ఉజ్వల మరాఠీలో రణభేరి మ్రోయింపగా, కాకా పిడికిలి బిగించి, పండ్లు బిగించి, కండ్లు మూసి, ముక్కోటి దేవతలలో పేరు తెలిసినవారినెల్ల తలచెను. సూది దిగెను. భూమి కంపింపలేదు. గొట్టము నిండెను.

"ఝాలా, కాకా."

"అయిపోయిందా? గింతేనా?" అని వీరుడు రొమ్ము విరిచెను. "రిపోర్టు ఎప్పుడిస్తరు బిడ్డా?"

ఆగమ్మ కుర్చీ నుండి లేచివచ్చి, వేలికణుపుతో పతిశిరమును టకటక కొట్టి చెవి యొగ్గెను. "గా రిపోర్టు రేపు. గీ రిపోర్టు ఇప్పుడే అచ్చింది. బోలు."

ఇట్లు అరచెంచా రక్తమును ధారవోసి, దూదిముక్కను విజయపతాకముగా మోచేత ధరించి, మొగిలి మహావీరుడు పారిపోకయే గుమ్మము దాటెను. లోకమున ఇంతటి జయము మరియొకటి లేదు.

వెనుక ఆగమ్మ ఉజ్వలతో గుసగుసగా అన్నది: "కుర్చీ తియ్యకు బిడ్డా. రేపు రిపోర్టు నాడు గూడ దీనితోని పనున్నది."