కారు నెత్తిన పడకగది

ఆ రోజు పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. త్వరగా తయారై, ఇంటి వెనక సందులో కారును నాలుగైదుసార్లు వెనక్కి నడిపి చూసుకుని, తీరిగ్గా పదకొండింటి డ్రైవింగ్ టెస్టుకి వెళ్లాలి. అంతే. ఇది మూడోసారి. మొదటిసారి రివర్సు తీస్తూ గ్రౌండులో పాతిన కర్రనొకదాన్ని పడగొట్టింది. రెండోసారి దాంతోపాటు పక్క కర్రనూ పడగొట్టింది. రెండుసార్లూ ఆమె కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. చెవిలో మాత్రం మొగుడుగారు నేర్పిన పాఠం గింగిరాలు తిరుగుతూ ఉంది. "ఇప్పుడు తిప్పు, ఇప్పుడు కాదు, అయ్యో ఇందాక తిప్పాల్సింది" అంటూ.

ఈసారీ తప్పితే పుట్టి మునిగినట్టే. ఆమె ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. ఊరి చివర కొత్తగా తెరుస్తున్న ల్యాబుకి ఆమెను ఇన్‌ఛార్జిగా వేస్తామన్నారు. ఏళ్ల తరబడి ఊరందరి రక్తమూ మూత్రమూ చూసిన కళ్లకి ఇన్నాళ్లకి సొంత గది, సొంత కుర్చీ, తలుపు మీద సొంత పేరు. కానీ అక్కడికి బస్సు సగం దారే వెళ్తుంది. "లైసెన్సు చూపిస్తేనేనమ్మా, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాను" అని పెద్ద డాక్టరు తేల్చేశాడు. ఆ ఇంకొకరు ఎవరో ఆమెకి తెలుసు. పక్క కుర్చీలోనే కూర్చుని, రోజూ మధ్యాహ్నం కారు తాళాలు బల్ల మీద గలగలలాడిస్తూ ఉంటుంది.

తాళాలు తీసుకుని పార్కింగులోకి దిగిన ఆమె, కారును చూసి ఆగిపోయింది. కారు ఉంది. దాని నెత్తిన ఇంకొకటి కూడా ఉంది. నల్లగా, బల్లపరుపుగా, రెండు ట్రంకు పెట్టెల్ని పక్కపక్కన అతికించినంత పెద్దది.

"ఏమండీ! ఏంటిది?"

కారు వెనక నుంచి మొగుడుగారు చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. ఆయనది స్విచ్చుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగం. ఏ వస్తువునైనా మంచి గుణాలు కుడిచేతి వేళ్ల మీద, చెడ్డ గుణాలు ఎడమచేతి వేళ్ల మీద లెక్కపెట్టి గానీ కొనడు. ముందే మనసు పడ్డ వస్తువైతే మాత్రం ఎడమచెయ్యి జేబులోంచి బయటికి రాదు.

"గుడారం! కారు మీద గుడారం! నిన్న సాయంత్రం నువ్వు డ్యూటీలో ఉండగా మా ఫ్రెండూ నేనూ బిగించాం. నీ టెస్టు అయిపోగానే అట్నుంచటే చెరువు దగ్గరికి. రాత్రికి అక్కడే పడక."

"నాకివాళ టెస్టుందండీ."

"అందుకేగా! పాసైతే సంబరం, ఫెయిలైతే ఓదార్పు. ఎటూ పనికొస్తుంది."

ఆమె పళ్లు కొరుక్కునేలోపే ఆయన ఒక గొళ్లెం లాగాడు. పెట్టె మూత బుస్సుమంటూ పైకి లేచి, దాని కింద గుడ్డ గోడలు విచ్చుకుని, కారు నెత్తిన ఒక గది తయారైంది. అందులో పరుపు. పక్కన నిచ్చెన.

"చూశావా! మేకులు కొట్టక్కర్లేదు, తాళ్లు కట్టక్కర్లేదు. నేల తేమ తగలదు. పాములూ తేళ్లూ రావు. రాళ్లు గుచ్చుకోవు" అని కుడిచెయ్యి ఖాళీ లేకుండా చూపించాడు.

"ఆ ఎడమచెయ్యి కూడా తియ్యండి."

ఆయన అయిష్టంగా తీశాడు. "కాస్త బరువు. పెట్రోలు కొద్దిగా ఎక్కువ తాగుతుంది. నిచ్చెన ఎక్కాలి, దిగాలి. కారు ఎత్తు పెరుగుతుంది. మరీ... కారు ఎక్కడికైనా తియ్యాలంటే ముందు పడక ఎత్తాలి. అన్నీ చిన్నచిన్నవేలే."

"నాకిప్పుడే కారు తియ్యాలి. దీన్ని విప్పి కింద పెట్టండి."

"విప్పలేం. దొంగలు ఎత్తుకుపోకుండా వేసే స్పెషల్ బోల్టులవి. వాటి తాళం మా ఫ్రెండు జేబులో ఉండిపోయింది. వాడు పొద్దున్నే ఊరెళ్లాడు."

"మీకంటే దొంగలు నయం" అంది ఆమె. "సరే, మడిచైనా పెట్టండి."

మడవడానికి ఆయన చెయ్యి వేసేసరికి, లోపలి నుంచి గురక వినిపించింది.

అది అత్తగారి గురక. కొడుకు కొత్త వస్తువు తెచ్చాడంటే ముందు తనే చూడాలనే మనిషి ఆవిడ. వీళ్లిద్దరూ కారు ముందు నిలబడి వాదించుకుంటుండగా వెనక నుంచి వచ్చి, తన దుప్పటీ దిండూ చంకన పెట్టుకుని నిచ్చెనెక్కేసింది. పైఅంతస్తులో ఎవరో ట్రెడ్‌మిల్లు కొన్నప్పటి నుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు. ఇంట్లో ఏ గదిలో పడుకున్నా ఎవరో తన నెత్తి మీద పరుగెడుతున్నట్టే ఉంటుందని రోజూ గొడవ. ఇప్పుడు చూస్తే హాయిగా నోరు తెరుచుకుని పడుకుంది.

"లేపండి" అంది ఆమె.

"ఎన్ని నెలలైందే అమ్మ ఇలా పడుకుని! లేపడానికి నీకు మనసెలా ఒప్పుతుంది?"

ఆమెకి ఒళ్లు మండిపోయింది. లేపితే రాక్షసి కోడలు, లేపకపోతే పక్క కుర్చీ ఆవిడకి సొంత గది. మొగుడుగారేమో నిచ్చెన కింద నిలబడి తల్లి నిద్రకి కాపలా కాస్తున్నాడు. కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది. సందులో రివర్సు తీసుకోవాల్సిన సమయమంతా గురకలో కొట్టుకుపోయింది. ఇక లాభం లేదని కారు తలుపు తీసి హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కింది.

కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. ప్రతి బాల్కనీలోంచీ ఒక తల బయటికొచ్చింది. ట్రెడ్‌మిల్లాయన కూడా చెమటలు తుడుచుకుంటూ వంగి చూశాడు. అత్తగారు మాత్రం కదల్లేదు. విసుగెత్తి ఆమె హారన్ వదిలేశాక, గుడారంలోంచి తల బయటపెట్టి, "ఏంటే అమ్మాయ్, ఉన్నట్టుండి ఇంత నిశ్శబ్దంగా అయిపోయింది?" అని అడిగింది.

"దిగండత్తయ్యా. టెస్టుకి టైమైపోతోంది."

ఎక్కిన కాళ్లు దిగలేమన్నాయి. ఆవిడ ఒక కాలు నిచ్చెన మీద పెట్టి, కిందకి చూసి, ఆ కాలు మళ్లీ లోపలికి తీసుకుంది. కొడుకు కింద నుంచి "కుడికాలు పెట్టమ్మా, కాదు ఎడమ, అయ్యో ముందు వెనక్కి తిరుగు" అని మొదలుపెట్టాడు. ఆ మాటలు విన్న కోడలికి అత్తగారి మీద మొదటిసారి జాలి కలిగింది. ఆఖరికి తనే నిచ్చెనెక్కి, ఆవిడ్ని భుజానికెత్తుకుని దించింది.

"మెల్లగా దించవే, నేనేమన్నా బస్తానా? నేను కూడా వస్తున్నా చెరువుకి" అంటూ ఆవిడ తిన్నగా వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

మూత వెయ్యబోతే పడలేదు. లోపల ఆవిడ దుప్పటీ దిండూ అలాగే ఉన్నాయి. మళ్లీ ఎక్కి తీసే ఓపిక ఎవరికీ లేదు. మొగుడుగారు మూత మీదెక్కి కూర్చుంటే, ఆమె పట్టీలు లాగి బిగించింది.

"వెనక వైపు ఉబ్బుగా ఉందండీ."

"అది డిజైను."

దారంతా మొగుడుగారే నడిపాడు. ఆమె పక్కన కూర్చుని గడియారం చూసుకుంటూ ఉంది. గ్రౌండు దగ్గరికి వస్తుండగా ఆమెకి గేటు గుర్తొచ్చింది. "ఆ గేటుకి లారీలు దూరకుండా ఇనప కడ్డీ అడ్డంగా ఉంటుంది కదండీ! దీంతో పడుతుందా?"

"నన్నేమనుకున్నావు? నిన్న రాత్రే టేపు పట్టుకొచ్చి కడ్డీనీ కొలిచాను, పెట్టెనీ కొలిచాను. నాలుగు వేళ్ల సందుంది."

అబద్ధం కాదు. ఆయన కొలతలెప్పుడూ అబద్ధం కావు. కాకపోతే ఆయన కొలిచింది ఖాళీ పెట్టెని. దుప్పటి వచ్చి పడుకున్న పెట్టెని కాదు.

కారు ముందు భాగం గేటులోకి చక్కగా వెళ్లింది. నడుము వెళ్లింది. తర్వాత నెత్తిన కర్రుమని చప్పుడై, కారు ఆగిపోయింది. ఆయన గేరు మార్చి వెనక్కి లాగబోయాడు. మూత అంచు కడ్డీకి పట్టుకుని, కర్రుమనడం తప్ప కదల్లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెండింటి మధ్యా సరిగ్గా ఇరుక్కుంది. ఒక పక్క ప్రహరీ గోడ. ఇంకో పక్క ఎవరో నిలిపి వెళ్లిన నీళ్ల ట్యాంకరు. వెనకాల టెస్టుకొచ్చిన కార్లన్నీ వరసగా ఆగి, ఒకటే హారన్లు.

"దేనికిరా అంత గోల? నిద్రొస్తోంది" అంది అత్తగారు.

లోపలి నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మనిషి భారీ విగ్రహం. ఎవరెంత బాగా నడిపినా ఏదో ఒక మార్కు తగ్గించి తప్ప ఇవ్వడని టెస్టుకొచ్చేవాళ్లంతా ఆయన్ని మైనస్ సారు అంటారు. ఆమెను రెండుసార్లు ఫెయిల్ చేసిన మహానుభావుడూ ఈయనే. ఆయన గుడారాన్ని చూసి, కడ్డీని చూసి, ఆమె మొహం చూసి గుర్తుపట్టాడు.

"ఈసారి కర్రలు సరిపోలేదామ్మా? గేటుకే వచ్చారు!"

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. అప్పటికే జనం మూగారు, సలహాలు మొదలయ్యాయి. టైర్లలో గాలి తీయమని ఒకరు, కడ్డీ కొయ్యమని ఒకరు, కారే కోస్తే పోలా అని ఇంకొకరు. కందకి లేని దురద కత్తిపీటకి ఎంతుందో అక్కడే చూడాలి. ఆఖరికి మైనస్ సారే ఒక దారి చెప్పాడు. "బరువెక్కించండి. కారు కిందకి కుంగుతుంది. అప్పుడు వెనక్కి తీసేయొచ్చు."

వెనక సీట్లో అత్తగారికి చెరో పక్కా ఇద్దరు కుర్రాళ్లు కూర్చున్నారు. అయినా చాల్లేదు. అక్కడ అందరికంటే బరువైన మనిషి ఎవరా అని అందరూ ఒకేసారి ఒకే వైపు చూశారు. మైనస్ సారు గొణుక్కుంటూ వచ్చి, ఆమెను దించి, ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన కూర్చోగానే కారు బుద్ధిగా కుంగింది. మొగుడుగారు, "సందు నేనే చూడాలి, కొలతలు తెలిసినవాణ్ణి" అంటూ దిగిపోయి, బానెట్ మీదెక్కి నిలబడి, రెండు చేతులతో మూతను కిందకి అదిమాడు. ఇక స్టీరింగు ముందు కూర్చోవడానికి మిగిలింది ఆమె ఒక్కతే.

"తియ్యి, తియ్యి! రైటుకి! కాదు, నా రైటుకి!" అన్నాడు బానెట్ మీంచి మొగుడుగారు.

"అద్దంలో చూడమ్మా" అన్నాడు మైనస్ సారు.

"మెల్లగా తియ్యవే, దిండు నలిగిపోతుంది" అంది అత్తగారు.

"ట్యాంకరు! ట్యాంకరు!" అన్నారు కుర్రాళ్లు.

పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా కట్ట తెగింది. "నోరు ముయ్యండి!" అని అరిచింది ఆమె. "అందరూ! ఒక్కరు మాట్లాడితే కారు ఇక్కడే వదిలేసి ఇంటికి పోతాను. జీవితంలో ఒక్కసారి, ఒక్కసారి నన్ను నా చేతులతో నడపనివ్వండి!"

కారంతా గప్‌చుప్. బయట హారన్లు కూడా ఆగాయి.

అప్పుడామె అద్దంలో చూసింది. గోడ కనిపించింది. ట్యాంకరు కనిపించింది. వాటి మధ్య దారి కూడా కనిపించింది. అది మొదటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది. క్లచ్చు కొద్దిగా వదిలింది. కడ్డీ కింద నుంచి మూత సర్రున జారింది. ఇటు గోడకి తగలకుండా, అటు ట్యాంకరుని రాసుకోకుండా, వెనక వంకరటింకరగా నిలబడ్డ కార్ల మధ్యలోంచి పాములా మెలికలు తిరుగుతూ, బానెట్ మీదున్న మనిషితో సహా కారును రోడ్డు మీదకి తెచ్చి, చెట్టు నీడలో పెట్టి ఇంజిన్ ఆపింది.

వెనక సీట్లోవాళ్లు దిగారు. మైనస్ సారు దిగలేదు.

"సారీ సార్. ఇందాక నోరు ముయ్యమన్నది మిమ్మల్ని కాదు" అంది ఆమె.

"నన్ను కూడా అన్నావులే. మూసుకోబట్టి సరిపోయింది, లేకపోతే గోడకి పెట్టేదానివి." ఆయన బెల్టు పెట్టుకున్నాడు. "రివర్సు అయిపోయినట్టే. ఇరవయ్యేళ్ల సర్వీసులో అలాంటిది చూళ్లేదు. మీ ఆయన్ని బానెట్ దిగమను. రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తీసుకురా."

తిప్పి తీసుకొచ్చింది. పాసైంది. మైనస్ సారు మొత్తం మీద తగ్గించింది ఒక్క మార్కే. బానెట్ మీద ప్రయాణికుణ్ణి ఎక్కించుకున్నందుకు.

ఆమె రోడ్డు పక్కనే నిలబడి, సిగ్గుపడకుండా ఏడ్చింది. మొగుడుగారు ఓదార్చడానికొచ్చి, కుడిచేతి బొటనవేలు పైకెత్తాడు. "చూశావా, ఇంకో మంచి గుణం! గుడారమే లేకపోతే నీకు లైసెన్సు వచ్చేదా?"

చెరువుకి మాత్రం వెళ్లలేదు. తాను మళ్లీ ఆ నిచ్చెన దిగేది లేదని, తనను ఎత్తుకుని దించాలంటే ఇంటి దగ్గరే దించమని అత్తగారు పట్టుబట్టింది. ఇంటికొచ్చి పార్కింగులో గుడారం తెరవగానే ఎవరు చెప్పినా వినకుండా ఎక్కేసింది. మర్నాడూ ఎక్కింది. బోల్టుల తాళంతో ఫ్రెండు తిరిగొచ్చేసరికి, ఆవిడ పైనే ఒక గడియారం, మంచినీళ్ల సీసా, కళ్లజోడు పెట్టుకుని సంసారం పెట్టేసింది.

కొత్త ల్యాబులో చేరాల్సిన రోజు పొద్దున్నే ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, లైసెన్సు బ్యాగులో పెట్టుకుని, తాళాలు ఊపుకుంటూ పార్కింగులోకి దిగింది. నిచ్చెన కింద మొగుడుగారు పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పైనుంచి గురక వినిపిస్తోంది. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన ఎడమచెయ్యి జేబులోంచి తీసి, ఒక వేలు మడిచాడు.

బస్సు సగం దారిలో దించేసింది. మిగతా సగం దుమ్ములో నడిచి, కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని ఆమె ల్యాబు చేరేసరికి, తలుపు మీద తన పేరు మెరుస్తూ ఉంది. పెద్ద డాక్టరు గుమ్మంలోనే ఎదురొచ్చి, ఆమె వెనక ఖాళీగా ఉన్న రోడ్డు వైపు తొంగి చూశాడు.

"లైసెన్సు వచ్చిందన్నావు కదమ్మా, మరి కారేది?"

"ఇంకా నిద్ర లేవలేదండీ."