చెంగల్రాయోదర విజయము

స్వస్తిశ్రీ కాళయుక్తి నామ సంవత్సర వైశాఖ మాసమున, బడులకు సెలవులిచ్చిన పాపానికి దేశమంతా పిల్లాజెల్లాతో తిరుపతి మీద విరుచుకుపడిన వేళ, సప్తగిరి పాదసీమలో, కిటికీల గుండా తువ్వాళ్లు విసిరి సీట్లు జయించిన భక్తవీరుల నడుమ, టికెట్ల పెట్టె చంకన, తోలుసంచి భుజాన, విజిలు పెదవిన ధరించి నిలిచిన కొండబస్సు కండక్టరు చెంగల్రాయుని సంగ్రామగాథ చెబుతాను. వినేవారు ఇప్పుడే ఏమీ తినకుండా ఉంటే మంచిది.

ఆ మహావీరుని ఆయువుపట్టు సున్నితత్వము. పరాయి బిడ్డ ఏడిస్తే తానూ కళ్లు తుడుచుకునేవాడు. చిల్లర కోసం ఎవరైనా కసిరితే ఆ పూట అన్నం సహించేది కాదు. ఇక ఘాట్ రోడ్డు మలుపులో ఎవడైనా వాంతి చేసుకోబోతే, వాడికంటే ముందు చెంగల్రాయుడే కిటికీ వెతుక్కునేవాడు. మన యాత్రికులు సామాన్యులా! పూరీ మీద పొంగలి, పొంగలి మీద వడ, వడ మీద కాఫీ దట్టించి, శేషశైలారోహణోత్సాహ విజృంభితులై బస్సెక్కి, సగం దారిలో సర్వస్వమూ సమర్పించుకునే శూరాగ్రేసరులు. వారందరి కడుపుల బాధనూ తన కడుపున మోసి, ఎక్కి దిగి, దిగి ఎక్కి, అతడు పూర్తిగా అలసిపోయాడు. ఇంటికి చేరితే భార్య వరదమ్మ అన్నం వడ్డించేలోగా గోడకు ఒరిగి నిద్రపోయేవాడు. పొద్దున విజిలు చూస్తేనే మళ్లీ దుప్పటి ముసుగు తన్నేవాడు.

అందుకే తనను శ్రీకాళహస్తి బస్సుకు మార్చమనీ, ఆ దారిలో మలుపులుండవనీ చెకింగ్ ఇన్‌స్పెక్టరు దేవరాజులును వేడుకున్నాడు. దేవరాజులు స్థూలకాయ స్థూలచర్మ స్థూలబుద్ధి విరాజితుడు. తలనొప్పి ఇతరులకు తెప్పించడమే గాని తాను ఎన్నడూ ఎరగడు. అతడు పళ్లు కుట్టుకుంటూ ఇలా శాసించాడు.

"సూడప్పా, సున్నితమూ సుకుమారమూ ఇంట్లో పెట్టుకోని రావాల. రేపు నీ బండిలో నేనూ వస్తా. కక్కకుండా కొండెక్కినావంటే కాళహస్తికి రాసిస్తా. కక్కినావంటే మాత్రం డిపోలో బండ్లు కడిగేదానికి ఏస్తా."

కొండ దిగివచ్చిన బండ్లలో కడగవలసింది ఏమిటో వేరే చెప్పాలా?

మరునాడు రెండే ఇడ్లీలు భుజించి, విజిలు పూరించి, చెంగల్రాయుడు మనసులో ఇలా గర్జించాడు: "ఓ ఉదరమా! ఆజన్మ విద్రోహీ! నేటి ఘోరసమరంలో ఈ ఇడ్లీద్వయము కదిలెనా, నా వంశకీర్తి డిపో కాలువలో కలియును. నిలువుము!" ఉదరం గుడగుడమని ఊరుకుంది.

బస్సు మలుపులెక్కింది. వెనక సీటులో దేవరాజులు వీరుని గొంతు మీదే చూపు గురిపెట్టి కూర్చున్నాడు. ఒక షావుకారు కిటికీకి వేలాడాడు. చెంగల్రాయుడు టికెట్ల వైపు తల తిప్పుకున్నాడు. ఒక కొత్త పెళ్లికొడుకు కూలాడు. చెంగల్రాయుడు కళ్లు మూసుకుని జేబులో తెచ్చుకున్న నిమ్మకాయ వాసన చూశాడు. ఇడ్లీలు కంఠద్వారం దాకా దండెత్తి వచ్చి, అతికష్టం మీద వెనుదిరిగాయి.

అంతలో ముందు సీటులో, కార్వేటినగరం నుంచి ఒంటరిగా వచ్చిన సిద్ధమ్మ అనే ముసలమ్మ కొంగు నోట కుక్కుకుంది. పక్కనున్న భక్తశిఖామణులు ఆమెను కసురుకుని, ఎడంగా జరిగి, తమ కొత్త బట్టల పావిత్ర్యాన్ని కాపాడుకున్నారు. చూడకపోతే కాళహస్తి, చూస్తే డిపో. ఆ సంగతి తెలిసీ ఆ వెర్రివాడు చూశాడు. ఆమె కళ్లలో నీళ్లు చూసి ఉండబట్టలేక, ఒక చేత్తో కిటికీ తెరిచి, ఇంకొక చేత్తో ఆమె నుదురు పట్టుకున్నాడు. వమనాసురుడు సగం లోయలోకి, సగం ఖాకీ చొక్కా మీదికి దూకాడు.

అయితే చేతులకు పని తగిలేసరికి, ఇన్నాళ్లూ పక్కకు తిరిగి వణికిన ఆ పిరికి ఉదరం తన పని మరిచిపోయింది. కొండపైన బస్సు ఆగేదాకా అతను ఆ నుదురు వదల్లేదు. ఇడ్లీలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

దేవరాజులు ముక్కుకు రుమాలు కట్టుకుని దిగి, చొక్కా గలీజైనందుకు నాలుగు తిట్టి, రేపటినుంచే కాళహస్తి అని కాగితం రాసి విసిరాడు. మహాసామ్రాజ్యం చేజిక్కిన వీరుడు దానిని జేబులో దాచబోతుండగా సిద్ధమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"నాయనా, రేపు దిగేటప్పుడు గూడా నీ బస్సే ఎక్కుతా. తల పట్టుకునేదానికి నాకు ఇంకెవురుండారు? యా ఏళకొస్తావో సెప్పు."

కాగితం చూశాడు, ముసలమ్మను చూశాడు. లేదనడం ఆ జన్మకు చేతకాదు కదా.

"పొద్దన్నే వస్తా అవ్వా. ఈడనే నిలబడుకోనుండు," అన్నాడు. తర్వాత తలవంచుకుని, కాళహస్తికి ఎల్లుండి పోతానని ఇన్‌స్పెక్టరుకు విన్నవించాడు. దేవరాజులు వెంటనే, రేపు కక్కితే ఆ కాగితం చెల్లదని హెచ్చరించాడు.

కనుక ఓ జనులారా, భేరీలు మోగించండి! అంత కష్టపడి గెలుచుకున్న రాజ్యాన్ని ముసలమ్మ మాటకు ఒక రోజు పణంగా పెట్టిన ఈ మూర్ఖశిరోమణి, రేపటి మాట ఎలా ఉన్నా, ఆనాటికి మాత్రం రెండిడ్లీలను కొండపైకి చెక్కుచెదరకుండా చేర్చాడు.