బాలస్వామి వేసిన వేలం

కోతపండుగనాడు పొద్దున్నే బాలస్వామి పచ్చడి జాడీలో వేలు ముంచి నాకాడు. కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి. పండుమిర్చి దంచేటప్పుడు ఒకసారి, జాడీకెత్తేటప్పుడు మరోసారి పెళ్లాం పున్నమ్మ ఉప్పు వేసినట్టుంది.

"ఏమయ్యా, ఎట్టా ఉంది?"

బాలస్వామి జాడీకి మూత పెట్టాడు. మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలని పోయిన ఆదివారం గుడిలో పాస్టరు ఎలీషా అయ్యగారు ప్రసంగించారు. ఆ సాయంత్రమే బాలస్వామి పున్నమ్మ కొత్త చీరను దోమతెరతో పోల్చాడు. అప్పట్నుంచి మూగబోయిన ఇల్లు ఇవాళే మాట్లాడుతోంది.

"వేలంలో నా పచ్చడిని ఒక్క మాటన్నావో, అటునుంచటే అద్దంకి బస్సెక్కుతా. మా అన్న ఇంట్లో అన్నానికేం కరువు లేదు" అంది పున్నమ్మ.

ఏటా ఆరాధన అయ్యాక, సంఘం తెచ్చిన తొలి పంటనూ కోళ్లనూ గుడి ముందు వేలం వేసేది బాలస్వామే. మిర్చి వ్యాపారి అలీ సాహెబ్ కూడా తప్పకుండా వచ్చి ఏదో ఒకటి పాడుకుంటాడు. ఈసారి ఆ డబ్బుతో గుడి మీద కారుతున్న రేకులు మార్చాలి.

మొదట ఇమ్మానియేలు తెచ్చిన పుంజు. "మంచి పుంజే. ఒక కన్ను కనపడదు, అంతే" అన్నాడు బాలస్వామి.

"ఏరా, దేవుడికి గుడ్డిపుంజునిచ్చానంటావా?" ఇమ్మానియేలు లేచాడు.

"నన్నంటావేందిరా? గుడ్డిదాన్ని అర్పించొద్దని మలాకీ ప్రవక్త ఎప్పుడో చెప్పాడు!"

ఇమ్మానియేలు పుంజును చంకన పెట్టుకుని గేటువైపు నడిచాడు. తర్వాత హెలెన్ టీచరు బూడిదగుమ్మడికాయ. బాలస్వామి బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. "పైకి తెల్లగా, లోపల కుళ్లు. సున్నం కొట్టిన సమాధంటే ఇదే!"

హెలెన్ టీచరు గుమ్మడికాయ ఎత్తుకుని లేచింది. ఆమె వెంట ఆమె పాటలు నేర్పిన పిల్లల బృందం లేచింది. బృందం వెంట వాళ్ల అమ్మలు లేచారు. అమ్మలు తెచ్చిన మిరపకాయల సంచులు కూడా లేచాయి.

అయ్యగారు చెమట తుడుచుకుంటూ వచ్చి చెవిలో అన్నారు: "ఏమయ్యా, ప్రభువు బావి దగ్గర సమరయ స్త్రీకి ఆమె బతుకంతా చెప్తే, ఆమె కుండ వదిలేసి ఊరినంతా ఆయన దగ్గరికి తీసుకొచ్చింది. నువ్వు నిజం చెప్తుంటే జనం సంచులెత్తుకుని ఇంటికి పోతున్నారే!"

బాలస్వామి బల్లవైపు తిరిగాడు. బల్లమీద మిగిలింది పచ్చడి జాడీ ఒక్కటే.

"ఆగండ్రా, పెళ్లాం పచ్చడిని ఏమంటాడో చూసిపోదాం!" గేటు దగ్గర ఇమ్మానియేలు అరిచాడు. అందరూ వెనక్కి తిరిగారు. పున్నమ్మ పైట బిగించి సంచి చేతిలోకి తీసుకుంది.

బాలస్వామి నేలచూపులు చూస్తూ, "చాలా బాగుంది" అన్నాడు.

ఆ వెంటనే పాట ఊపందుకుంది. ప్రవక్తనడ్డం పెట్టుకుని పుంజును తిట్టినవాడు బాగుందన్నాడంటే అది ఎంత బాగుండాలి! సంచులు దించి మరీ పాడారు. చివరికి రేకులన్నిటికీ సరిపడే పాటకు జాడీ అలీ సాహెబ్ సొంతమైంది.

"ఇంత మంచి పచ్చడి నేనొక్కణ్నే తింటే ఏం బాగుంటుందండీ? ప్రేమవిందులో అందరికీ వడ్డించండి" అన్నాడాయన.

వడ్డన అయింది. మొదటి ముద్ద ఇమ్మానియేలుది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. బాలస్వామిని చూశాడు, పున్నమ్మను చూశాడు.

"చెల్లెమ్మా, కారం అమృతంలా ఉంది. ఉప్పే కాస్త ముందు నడిచింది. ఇంకో గరిటె అన్నం వేస్తే సరిపోద్ది" అన్నాడు నెమ్మదిగా.

పున్నమ్మ రుచి చూసి మొగుడివైపు తిరిగింది. "పొద్దున నాకావుగా. తెలుసా నీకు?"

"తెలుసు. చెప్తే బస్సెక్కుతానంటివి."

"వేలంలో చెప్పొద్దన్నా. ఇంట్లో నా చెవిలో చెప్పొద్దన్నానా?" ఆమె నీళ్ల చెంబు తెచ్చి అతని ముందు పెట్టింది. "ఇంట్లో ఇంకో జాడీ ఉంది. అదంతా నువ్వే తినాలి."

ఆ ఏడు వానలకు గుడిలో ఒక్క చుక్క కారలేదు; బాలస్వామి మాత్రం ఇప్పటికీ ఆ రేకుల వైపు తలెత్తి చూడడు.