డిమాన్‌స్ట్రేటర్ గారి సీసాలో నాచు

ప్రతి వ్యవసాయశాఖ ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ ఆర్డరుతో పాటు ఒక చేపనూ, ఒక గాజు సీసానూ ప్రభుత్వమే సరఫరా చెయ్యాలని ఇందుమూలంగా డిమాండ్ చేస్తున్నాను.

నవ్వకండి! సైకిలు అలవెన్సు ఇచ్చారు, గోడకు తగిలించుకునే పటాలిచ్చారు, రెండో ప్రణాళిక అయిపోవచ్చేసరికి కుర్చీకి చేతులు కూడా ఇచ్చారు. ఒక్క చేప దగ్గర లోభమెందుకు? దేశంలో పంటలు పెరగాలంటే ముందు మాలాంటివాళ్ల ఇళ్లలో చేపలు పెరగాలి. ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట.

నా పేరు శేషాచలం. బి.ఎస్సీ. అగ్రికల్చర్. గుంటూరు పక్కన ఒక బ్లాకులో వ్యవసాయ డిమాన్‌స్ట్రేటర్‌ని. నలభై పల్లెల్లో ఎవరి చేలో ఏది ఎంత ఎత్తు పెరగాలో చెప్పేవాణ్ణి నేనే. ఏ ఎరువు ఎంత వెయ్యాలో రైతులు నన్నడుగుతారు. నేను సర్క్యులర్‌ని అడుగుతాను. సర్క్యులర్ ఎవరిని అడుగుతుందో నాకు తెలియదు.

ఆషాఢంలో మా బావమరిది రామమూర్తి మద్రాసు నుంచి వస్తూ హార్లిక్స్ సీసాలో ఒక చేపను తెచ్చాడు. బొటనవేలంత ఉంది. రంగు మన ఎండుమిరప రంగే. ఫైటర్ అట. ఇంకో మగచేప కంటబడితే చచ్చేదాకా పోట్లాడుతుందట. మాది చేప వండుకునే ఇల్లు కాదు. వీధిలోవాళ్లు రెండు రోజులు మా వంటింటివైపు అనుమానంగా వాసన చూసి, నిరాశపడి ఊరుకున్నారు.

సోడాకొట్టు ఖాజావలిని అడిగి పెద్ద బిస్కట్ల సీసా తెచ్చాను. రామమూర్తి అందులో నీళ్లు పోసి, చేపను వదిలి, వెళ్లేముందు ఒక మాటన్నాడు.

"నీడకి రెండు నీటిమొక్కలు వెయ్యండి బావగారూ. ఏమీ తెలియనివాళ్లు పెంచే రకాలే వెయ్యండి. మొదట్లో అవే మంచివి."

ఏమీ తెలియనివాళ్లు! నలభై పల్లెల డిమాన్‌స్ట్రేటర్‌తో అనాల్సిన మాటేనా? వాడు రైలెక్కేదాకా నవ్వుతూనే ఉన్నాను. బండి కదలగానే నా చదువంతా రంగంలోకి దింపాను.

నా హోదాకు తగ్గ మొక్క తామర. ప్యూన్ ఆదాంను పంపి దుంప తెప్పించాను. అది నాలుగు రోజుల్లో ఒక ఆకు వేసింది. ఆకు సీసా మూతికన్నా వెడల్పు. బయటికి రాలేక, లోపల విచ్చుకోలేక అక్కడే కుళ్లింది. తరువాత అంతరతామర వేశాను. అది నీళ్లమీద చాపలాగా పరుచుకుంది. ఈ చేప గాలి కోసం పైకి వచ్చే రకం కాబట్టి ముట్టె దూర్చడానికి సందు వెతుక్కుంటూ రోజంతా తిరిగింది. దాన్నీ తీసేశాను. మూడోసారి తూటికూర వేద్దామనుకున్నాను గానీ మా ఆవిడ రాజరాజేశ్వరి దాన్ని అప్పటికే పప్పులో వేసింది.

వేస్తూ ఆవిడే అంది. కాలువలో ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పెట్టకుండా నాచు పెరుగుతోంది కదా, అది రెండు రెబ్బలు తెచ్చి వెయ్యకూడదా అని.

నాచా! కాలువల్లో నాచు నిర్మూలన అనే ఫైలు నా బల్లమీదే ఉంది. మూడేళ్లుగా నిర్మూలిస్తున్నాం, ఫైలు లావెక్కింది, నాచూ లావెక్కింది. అలాంటిదాన్ని ఇంట్లోకి పిలిచి ఆశ్రయమివ్వడమా? అయినా చేప మొహం చూసి సరేనన్నాను. రాజరాజేశ్వరే తెప్పించి గుప్పెడు సీసాలో వేసింది. ఒక రెబ్బ మిగిలితే వంటింట్లో మట్టికుండలో పడేసింది.

నాలుగు రోజుల్లో సీసా పచ్చగా నిండింది. చేప ఆ రెబ్బల మధ్య దూరి నిద్రపోవడం కూడా మొదలుపెట్టింది.

పాఠకులారా, మీరైతే సంతోషించేవారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. నా సలహా లేకుండా ఒక మొక్క ఇంత ఆరోగ్యంగా పెరగడం ఏ శాఖకైనా మంచిదా? ఇలాగే అన్నీ పెరిగితే నా ఉద్యోగం ఏం కావాలి?

అంచేత ఒక ఆదివారం పొద్దున్న కాగితం తీసుకుని ఎకరాకు వేసే అమ్మోనియం సల్ఫేటును సీసా మూతికి కుదించాను. లెక్కలో చిటికెడులో ఇరవయ్యో వంతు వచ్చింది. అంత తక్కువ వేస్తే వేసినవాడికి గౌరవమేముంటుంది? ఒక చెంచా వేశాను. వెలుతురు కోసం సీసాను కిటికీలో ఎండకు పెట్టాను. స్నానం చేసి వచ్చేసరికి చేప పైకి తేలి నోరు తెరుస్తోంది. రాజరాజేశ్వరి దాన్ని గరిటెతో తీసి మట్టికుండలో వదిలింది. మధ్యాహ్నానికి చేప తేరుకుంది. నాలుగో రోజుకు సీసాలో నాచు మాత్రం పులుసయింది.

ఆ నాలుగో రోజే చలమయ్య మా ఇంటికి వచ్చాడు. ఆయన పెదకాకాని వైపు రైతు. మూడెకరాల మిరపకు నారు పోశాడు. ఆకు కాస్త పసుపు తిరిగిందట, సీమ ఎరువు ఎంత చల్లమంటారని అడిగాడు. ఆ మడి పోతే మళ్లీ పొయ్యడానికి గింజ లేదు. అదనూ ఉండదు. ఆ ఏడాదికి ఆ ఇంటికి పంట లేనట్టే.

మిరపనారుకు సర్క్యులర్ ఇంకా రాలేదు. రాకపోతే పత్తి సర్క్యులర్‌లో ఉన్న అంకె రాసివ్వడం మా ఆఫీసు అలవాటు. అదే చీటీ మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. చలమయ్య చీటీ మడుస్తూ కిటికీలో సీసా చూశాడు.

"ఇదేందండీ?"

నాచు అన్నాను. అది ప్రయోగంలో ఉందని కూడా అన్నాను.

ఆయన దగ్గరికెళ్లి వేలితో కదిపి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాచు చచ్చిందాండీ? మా తాతల నాటి నుంచి పీకుతున్నాం, నాచు చావడం నేనింతవరకూ చూళ్లేదు. మీరేం వేశారో కాస్త చెబితే మా కాలవలో కూడా వేసుకుంటాం."

ఎగతాళి కాదు. ఆ మనిషి భక్తిగా అడిగాడు. మూలనున్న ఎరువు సంచివైపు చూశాను. ఆయనా చూశాడు. తరువాత చేతిలో చీటీ చూసుకున్నాడు. సరేనండి, వస్తానని వెళ్లిపోయాడు.

ఆ మడిలో అంత మోతాదు చల్లితే లేత నారు మాడిపోతుందని నాకు అప్పుడు తట్టింది. లేచి, వెనక్కి పిలిచి, చీటీ తప్పు, చించెయ్యమని చెప్పాలి. అంతే కదా? కానీ డిమాన్‌స్ట్రేటర్ సంతకం పెట్టాక తప్పెలా అవుతుంది? కుర్చీలోంచి లేవలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మూడు రోజులు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మడే కళ్లముందు కనిపించింది. నాలుగో రోజు సైకిలేసుకుని పెదకాకాని వైపు తొక్కాను. ఎదురుగాలి. దారంతా మనసులో క్షమాపణ రాసుకున్నాను. రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాసుకున్నాను.

మడి పచ్చగా ఉంది. చలమయ్య గట్టున కూర్చుని కలుపు ఏరుతున్నాడు. ఎరువు చల్లావా అని అడిగాను.

"లేదండీ. నిలిచిన నీళ్లు తీసేసి, కాస్త బూడిద చల్లా. మీరు ఏమనుకోకండి. నాచునే చంపింది, నారెంతండీ?"

ఏమనుకోను? ఆ గట్టుమీద ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. నారు ఇంకాస్త ఎడంగా ఉండాలని ఒక సలహా చెప్పి వచ్చాను.

ఇప్పుడర్థమైందా చేప ఎందుకు కావాలో? మా చేతుల్లో ఏదో ఒకటి చావక తప్పదు. అది ముందుగా మా ఇంట్లో, కిటికీలో, నలుగురికీ కనబడేటట్టు చస్తే రైతు ఇంటికెళ్లి తనకు తోచింది చేసుకుంటాడు. చేప పోతుందని భయపడకండి, దాన్ని ఇంట్లో ఆడవాళ్లు చూసుకుంటారు.

ఆ ఏడు చలమయ్యకు మిరప విరగ్గాసింది. శాస్త్రీయ సలహా ఫలితమని నేను వార్షిక నివేదికలో రాశాను. పైవాళ్లు మెచ్చుకుని ప్రమోషన్ మీద నన్ను వినుకొండ వేస్తున్నారు. వచ్చే నెల ఒకటో తారీఖున చేరుతున్నాను.

అక్కడి రైతులకు నా విన్నపం ఒక్కటే. చీటీ రాయించుకునే ముందు మా కిటికీ వైపు ఒకసారి చూడండి. సీసాలో నాచు పచ్చగా ఉంటే నేను సెలవులో ఉన్నానని అర్థం. ఆ వారం నిశ్చింతగా సేద్యం చేసుకోండి.